వేరు కొసకు గోడ తగిలితే

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధమైంది. సమాఖ్య చట్టం ప్రకారం ఒక ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. 2024 ఏప్రిల్ 1న జర్మనీ కూడా ఆ దారి పట్టి, వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ మూడు మొక్కలు అనుమతించింది. మొక్కల లెక్క చట్టమే తేల్చేశాక పెంచేవాళ్ల ధ్యాసంతా ఆ మూడు నాలుగింటినే ఎంత ఏపుగా పెంచగలమన్న దాని మీదికి మళ్లింది. విత్తనం, దీపాలు, ఎరువులు అన్నీ అయ్యాక వాళ్ల వాదన తరచూ వచ్చి ఆగే చోటు ఒకటుంది: మొక్కను గుడ్డ కుండీలో పెట్టాలా, ప్లాస్టిక్ కుండీలోనా?

మన దగ్గర ఆ మొక్క జోలికి వెళితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జైలుకు పంపుతుంది. విశాఖ మన్యంలో పోలీసులు గంజాయి తోటలు నరికి తగలబెట్టే ఫొటోలు పత్రికల్లో తెలుగువాళ్లు చూస్తూనే ఉన్నారు. అయితే కుండీ తగాదా నిజానికి గంజాయిది కాదు. హైదరాబాద్‌లో మిద్దె మీద టమాటా వేసుకునే వారికీ, కడియం నర్సరీ నుంచి మామిడి అంటు తెచ్చుకునే వారికీ అదే ప్రశ్న ఎదురవుతుంది. గుడ్డ కుండీ పుట్టింది కూడా గంజాయి కోసం కాదు, చెట్ల కోసం.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1960ల చివర్లో కార్ల్ విట్‌కాంబ్ అనే ఉద్యాన శాస్త్రవేత్త పాల అట్టపెట్టెల అడుగు కోసేసి, వాటిలో మట్టి మిశ్రమం నింపి, తీగ జాలీ మీద నిలబెట్టి చెట్ల విత్తనాలు నాటాడు. తల్లివేరు కిందికి దిగి, జాలీ దాటి గాలిలోకి తల పెట్టగానే కొస ఎండిపోయింది. మొక్క చావలేదు. ఎండిన కొసకు వెనక, మట్టిలో ఉన్న భాగం నుంచి కొత్తగా పిల్లవేర్లు గుంపుగా వచ్చాయి. ఆ తర్వాత ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఆయన ఏళ్ల తరబడి కుండీల మీదే పనిచేశాడు. నర్సరీ చెట్లను గుడ్డ సంచుల్లో పెంచే పద్ధతి 1980ల్లో ఆ రాష్ట్రం నుంచే వ్యాపించింది. సంచిని పొలంలో పాతి అందులో చెట్టు పెంచుతారు, అమ్మేటప్పుడు సంచితో సహా పైకి లాగుతారు. ఆ సంచి నేల మీదికొచ్చి, చిన్నదై, గంజాయి గదుల్లోకి చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

గోడ తగిలినప్పుడు వేరు ఏం చేస్తుందో చూస్తే ఈ ఏర్పాటంతా దేనికో తెలుస్తుంది. వేరు పెరిగేది కొస దగ్గరే. ఆ కొస మీద చిన్న టోపీ ఉంటుంది, అందులో కొన్ని కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి. అవి ఏ వైపు కూలబడితే అదే కింద అని వేరుకు తెలుస్తుంది. ఈ టోపీకి స్పర్శ కూడా ఉంది. 2003లో మసా, గిల్రాయ్ అనే పరిశోధకులు ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ మొక్క వేరు కిందికి దిగే దారిలో ఒక గాజు పలక అడ్డం పెట్టి సూక్ష్మదర్శినితో చూశారు. వేరు గాజును తాకి ఆగిపోలేదు, అడ్డదిడ్డంగానూ తిరగలేదు. మెట్టు ఆకారంలో రెండు వంపులు తిరిగి, కొసను మాత్రం గాజుకు ఆనించి ఉంచుకుంటూ, అంచు దొరికేదాకా పక్కకు పాకింది. అంచు తగలగానే మళ్లీ కిందికి దిగింది.

నేలలో రాయి అడ్డొచ్చినప్పుడు ఈ తెలివి బాగా పనికొస్తుంది. ఎంత పెద్ద రాయికైనా ఎక్కడో ఒక అంచు ఉంటుంది. గుండ్రటి ప్లాస్టిక్ కుండీకి అంచే లేదు. వేరు పాకుతూ పాకుతూ గోడ వెంబడి చుట్టలు తిరుగుతుంది, అడుగుకు చేరి అక్కడా తిరుగుతుంది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో హెండ్రిక్ పోర్టర్ బృందం ఆస్పత్రుల్లో వాడే ఎంఆర్‌ఐ లాంటి యంత్రంతో కుండీల్లోని బార్లీ, షుగర్ బీట్ వేర్లను మట్టి తవ్వకుండానే ఫొటోలు తీసింది. వేర్లు పరుగున గోడ దగ్గరికి చేరుతున్నాయి. మొత్తం వేర్లలో నాలుగింట మూడు వంతులు కుండీ బయటి సగంలోనే ఉన్నాయి. ఖర్చు పెట్టి కొన్న కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు నడిమధ్యలో ఉంటే, మొక్క కాపురం మాత్రం గోడ పక్కన.

మూడు నెలల్లో కాపు ముగిసే మొక్కకు ఈ చుట్టల వల్ల పెద్ద నష్టం లేదు. చెట్టుకు ఉంది, కాకపోతే ఏళ్ల తర్వాత బయటపడుతుంది. లేత వేరు ఏ ఆకారంలో వంగిందో ముదిరి చేవ పట్టాక అదే ఆకారంలో ఉండిపోతుంది. నేలలో నాటినా లోపలి చుట్ట విడిపోదు, లావెక్కుతుందంతే. స్వీడన్ అటవీశాఖకు ఇది కష్టం మీద తెలిసింది. అక్కడ 1970ల్లో చిన్న కాగితపు గొట్టాల్లో లక్షల పైన్ మొక్కలు పెంచి అడవుల్లో నాటారు. నాటడం సులువైంది, మొక్కలు బతికాయి. ఏళ్లు గడిచాక ఆ తోటల్లో చెట్లు ఒరగడం, మొదలు దగ్గర వంకరపోవడం కనిపించింది. తవ్వి చూస్తే గొట్టంలో ఉన్నప్పటి ముద్దగానే వేర్లు ముడిపడి ఉన్నాయి. నాలుగు వైపులా చాచుకొని పట్టు ఇవ్వాల్సిన వేర్లు లేవు.

దీనికి విరుగుడు వెతికినవాళ్లలో కొందరిది గమ్మత్తైన ఉపాయం. 1978లో కెనడాకు చెందిన బర్డెట్, రాగి కార్బొనేటు కలిపిన రంగును కుండీల లోపలి గోడలకు పూశాడు. రాగి తగిలిన వేరు కొస అక్కడితో ఎదగడం మానేస్తుంది, వెనక నుంచి కొత్త కొసలు పుడతాయి. చెట్టు నాటాక గోడ ఉండదు కాబట్టి ఆ కొసలు అన్ని వైపులకూ సాగుతాయి. మన దగ్గర వాడుకలో ఉన్నది ఇంకో పద్ధతి, రూట్ ట్రైనర్లు. భద్రాచలం దగ్గర కాగితం పరిశ్రమ కోసం 1980ల చివర మొదలైన జామాయిల్ క్లోన్ల పెంపకంలో ఇవి కనిపిస్తాయి. వేలెడంత వెడల్పున్న గరాటు గొట్టాలు అవి. లోపలి గోడకు నిలువు గీట్లు ఉంటాయి, అడుగున రంధ్రం ఉంటుంది. పక్కకు తిరగబోయిన వేరును గీటు అడ్డుకొని కిందికి తోస్తుంది. ట్రేలను నేల మీద కాకుండా స్టాండ్ల మీద ఉంచుతారు కాబట్టి రంధ్రం దాటిన కొస గాలికి ఎండిపోతుంది. విట్‌కాంబ్ పాలపెట్టె చేసిన పనే ఇదీ.

గుడ్డ కుండీలో ఇదే పని అడుగుకు పరిమితం కాకుండా చుట్టూ జరుగుతుంది. మంచి గుడ్డ కుండీ నేసిన బట్ట కాదు. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ పోగులను సూదులతో కుచ్చి ఒత్తుగా చేసిన దళసరి షీటు. పేరుకు గుడ్డే గానీ అదీ ప్లాస్టిక్కే. గోడ దాకా వచ్చిన వేరు కొస ఆ పోగుల మధ్యకు దూరుతుంది, అవతల పొడిగాలి తగిలి వాడిపోతుంది. కొస బతికి ఉన్నంతకాలం తన వెనక కొంత దూరం దాకా పిల్లవేర్లను అదుపులో పెడుతుంది. అది పోగానే ఆ అదుపూ పోతుంది. నాలుగు అంగుళాల వెనక దాకా కొత్త వేర్లు వస్తాయన్నది విట్‌కాంబ్ లెక్క. అవి మళ్లీ గోడకు వెళ్లి ఎండుతాయి, వాటి వెనక మరికొన్ని పుడతాయి. నీటినీ పోషకాలనూ ఎక్కువగా పీల్చేవి కొసల దగ్గరి లేత భాగాలే. పొడవాటి నాలుగు చుట్టల కన్నా పొట్టి వేర్లు వందల సంఖ్యలో ఉండడం మొక్కకు లాభమనేది అందుకే.

ఒక షరతు ఉంది. అవతల గాలి ఉండాలి. సంచిని తడి నేల మీద పెడితే వేరు గుడ్డలోంచి నేలలోకి దిగిపోతుంది. రెండు సంచులు ఒకదానికొకటి ఆనించి ఉంచినా వేర్లు ఇటునుంచి అటు పోతాయి. మిద్దె మీద స్టాండు ఎక్కించి, మధ్యలో నాలుగు వేళ్ల సందు వదిలితేనే గుడ్డ తన పని చేస్తుంది.

తెలుగు మిద్దెతోటల్లో ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. మార్కెట్లో గ్రో బ్యాగ్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం బయట పచ్చగా, లోపల తెల్లగా ఉండే హెచ్‌డీపీఈ సంచులు. అల్లిన ప్లాస్టిక్ పట్టీల మీద రెండు వైపులా పలచటి పొర అతికించి ఉంటుంది, అడుగున నాలుగైదు కన్నాలు ఉంటాయి. ఆ పొర వల్ల నీరూ గాలీ పక్కలకు పోవు. మడత పెట్టుకోవచ్చు, తేలిక, చాలా ఏళ్లు మన్నుతాయి. అందుకు కొనుక్కోవచ్చు. వేరు విషయంలో మాత్రం అది మెత్తటి ప్లాస్టిక్ కుండీ. సంచి అన్నంత మాత్రాన వేర్లు వాటంతటవే కత్తిరించుకుంటాయని నమ్మి కొంటే డబ్బు దండగ. తేడా తెలుసుకోవడానికి దుకాణంలోనే ఒక చుక్క నీరు సంచి గోడ మీద వేసి వేలితో రాస్తే చాలు. అవతలికి చెమ్మ తేలితే అది గుడ్డ. జారి కిందపడితే ప్లాస్టిక్.

ఇక వేడి సంగతి. తెలుగు వేసవిలో కుండీ ఎంపిక చాలావరకు ఈ ఒక్కదాని మీదే ఆధారపడుతుందనుకోవచ్చు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో ఉంటే పొద్దు తగిలే వైపు గోడ పక్కన మట్టి 50 డిగ్రీలు దాటడం అమెరికా దక్షిణాది నర్సరీల్లో కొలిచి చూసిన విషయం. చాలా మొక్కల వేర్లు 38, 40 డిగ్రీల దగ్గరే ఎదుగుదల ఆపేస్తాయి. పైన చెప్పుకున్న ఎంఆర్‌ఐ చిత్రం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వేర్లలో నాలుగింట మూడు వంతులు ఉండే చోటు ఏది? సరిగ్గా ఆ కాలే గోడ పక్కనే. మే నెలలో మధ్యాహ్నం మొక్క తల వేలాడేసి, కుండీలో తడి ఉన్నా సాయంత్రానికి తేరుకోకపోతే, మరిన్ని నీళ్లు పోయడం కన్నా ముందు పడమటి వైపు గోడను చేత్తో తాకి చూడాలి.

గుడ్డ గోడ అలా కాలదు. అందులోంచి నీరు ఆవిరవుతూ వేడిని వెంట తీసుకెళుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల శక్తి కావాలి. ఏడు లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి సరిపోయే వేడి అది. ఎడారి కూలర్ చేసేది ఇదే పని, దాని బలహీనతే దీనికీ ఉంది. హైదరాబాద్, రామగుండం పొడి ఎండల్లో కూలర్ చల్లగా వీస్తుంది, విశాఖ, కాకినాడ ఉక్కపోతలో తేమ పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు. గుడ్డ కుండీ చల్లదనం కూడా తీరానికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

ఆ చల్లదనం ఊరికే రాదు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 27 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కుండీలో సుమారు 19 లీటర్ల మట్టి పడుతుంది. గంజాయి పెంచేవాళ్లు ఐదు గ్యాలన్లు అనేది ఈ సైజునే. దాని పైభాగం దాదాపు 700 చదరపు సెంటీమీటర్లు, చుట్టూ గోడ 2,500 పైనే. ప్లాస్టిక్‌లో మట్టి నుంచి నీరు ఆవిరయ్యేది పైనుంచి మాత్రమే. గుడ్డలో ఆ వైశాల్యం నాలుగున్నర రెట్లు. మొక్క తాగేది పక్కన పెట్టినా ఎండిపోయే నీరు ఎంత పెరుగుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. శీతాకాలంలో రోజు విడిచి రోజు సరిపోయే కుండీకి ఏప్రిల్లో రెండు పూటలా పోయాల్సి వస్తుంది. ట్యాంకర్ కొనుక్కునే అపార్టుమెంట్లో ఇది చిన్న విషయం కాదు. మూడు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ప్లాస్టిక్‌లోది వాడి ఉంటుంది, గుడ్డలోది పోయి ఉంటుంది. డ్రిప్ ఉన్నవాళ్లకు గుడ్డ, లేనివాళ్లకు ప్లాస్టిక్ అని మోటుగా గీత గీసినా పెద్దగా తప్పు ఉండదు.

పూర్తిగా ఎండిన గుడ్డ కుండీకి నీరు పోయడం కూడా ఒక పని. ఎండిన మిశ్రమం ముడుచుకొని గోడను వదిలేస్తుంది. గబగబా పోసిన నీరు ఆ సందులోంచి దిగి, పక్కల నుంచి చెమర్చి బయటపడుతుంది, నడిమధ్య పొడిగానే ఉంటుంది. కొంచెం పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోయాలి. కింద పళ్లెం పెట్టి అందులో నింపితే గుడ్డ అడుగు నుంచి పీల్చుకుంటుంది. ఇంకొకటి, కొన్ని నెలలకు సంచి బయటి వైపు తెల్లటి పొర పేరుకుంటుంది. చాలామంది బూజు అనుకుంటారు. బోరు నీళ్లలోని లవణాలు అవి. నీరు ఆవిరై ఉప్పు గోడ మీద మిగులుతుంది. మట్టి కుండీల మీద కనిపించేదీ ఇదే. వర్షాకాలం నాలుగు వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది.

ప్లాస్టిక్ కుండీని వెనకేసుకు రావలసిన చోటూ ఉంది. గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది అనే నింద చాలాసార్లు దానిది కాదు. ఏ కుండీలోనైనా నీరు పోశాక అడుగున కొన్ని అంగుళాల మేర మట్టి పూర్తిగా తడిసే ఉంటుంది. గురుత్వాకర్షణ ఎంత లాగినా సన్నటి సందుల్లో నీరు వేలాడుతూనే ఉంటుంది. ఆ తడి మందం మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది తప్ప కుండీ ఎత్తును బట్టి కాదు. అందుకే పొట్టి కుండీలో సగం బురదగా ఉంటే, అదే మట్టి పొడవాటి కుండీలో అడుగు మాత్రమే బురదగా ఉంటుంది. నీరు బాగా దిగాలని అడుగున గులకరాళ్లు పరచడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల తడి పొర కిందికి పోదు, రాళ్లకు పైన, వేర్లకు ఇంకా దగ్గరగా నిలబడుతుంది. ఎర్రమట్టి వంతు తగ్గించి కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు, ముతక ఇసుక పెంచితే ఐదారు కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలో కూడా వేర్లు హాయిగా ఊపిరి పీలుస్తాయి.

గుడ్డా ప్లాస్టిక్కా అని కొట్టుకునేవాళ్లు సాధారణంగా మరిచిపోయేది కుండీ సైజు. పోర్టర్ బృందమే 2012లో 65 అధ్యయనాల ఫలితాలు కలిపి చూసింది. కుండీ పరిమాణం రెట్టింపు చేస్తే మొక్క మొత్తం బరువు సగటున 43 శాతం పెరిగింది. గుడ్డ కుండీ దిగుబడి గురించి అమ్మేవాళ్లు చెప్పే ఏ అంకెకూ ఇంత గట్టి ఆధారం లేదు. పది లీటర్ల ఖరీదైన గుడ్డ సంచికీ, ఇరవై లీటర్ల పాత పెయింటు డబ్బాకీ పోటీ పెడితే, టమాటా వరకు డబ్బా వైపు పందెం కాయవచ్చు. డబ్బాకు తెల్ల సున్నం పూసి, పడమటి వైపు గోనెపట్టా కట్టుకుంటే వేడి గొడవా చాలావరకు తీరుతుంది.

కెనడా ఇంటి గదిలో దీపాల కింద పెరిగే గంజాయి మొక్క ఆయుష్షు మూడు నాలుగు నెలలు. గదిలో ఎండ లేదు, వేడి అదుపులో ఉంటుంది, వేర్లు చుట్ట తిరిగి చెట్టును పడగొట్టేంత కాలం అది బతకదు. అక్కడ గుడ్డ కుండీ వల్ల ఒనగూరేది ప్రధానంగా ఒక్కటి, నీళ్లు ఎక్కువ పోసే చేతిని అది క్షమిస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు మొక్కను చంపేది ఎక్కువగా నీళ్లతోనే కాబట్టి ఆ ఒక్కటీ తక్కువేమీ కాదు. విత్తనం నుంచి వచ్చిన మొక్కకు తల్లివేరు ఉంటుంది, కొమ్మ కత్తిరించి నాటిన దానికి ఉండదు. కాబట్టి మొదటిదానికి పొడవాటి కుండీ నప్పుతుంది, రెండోదానికి వెడల్పాటిది. తోటకూర, పాలకూర, కొత్తిమీరకు ఈ చర్చే అనవసరం. వేర్లు చుట్టలు తిరిగి ఇబ్బంది పెట్టేలోపే కోత అయిపోతుంది.

నిమ్మ, జామ, మామిడి, మునగ లాంటివి ఏళ్ల తరబడి కుండీలోనే ఉంచాలన్నా, రెండేళ్లు పెంచి నేలలో పెట్టాలన్నా గుడ్డకు పెట్టిన డబ్బు వృథా కాదు. ముఖ్యంగా నేలలోకి మార్చాల్సిన వాటికి. మన చెట్లలో చాలా వాటికి కథ కడియం నర్సరీల్లాంటి చోట నల్ల పాలిథిన్ కవరులో మొదలవుతుంది. ఆ కవరులో మొక్క ఏడాదికి మించి ఉంటే చుట్ట అప్పటికే తిరిగి ఉంటుంది, ఇంటికి తెచ్చి ఎంత మంచి సంచిలో పెట్టినా ఆ చుట్ట అలాగే ఉంటుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చెట్ల వేర్ల మీద పనిచేసిన ఎడ్ గిల్మన్ దీనికి సూచించిన చికిత్స చూడ్డానికి మొరటుగా ఉంటుంది. వేర్ల ముద్ద చుట్టూ, అడుగునా ఒక అంగుళం మందాన రంపంతోనో పదునైన పారతోనో చెక్కేయడం. విప్పి సర్దడం కాదు, గోడను ఆనుకొని తిరిగిన వేర్లన్నింటినీ కోసి పారేయడం.

అంటు మొక్క తెచ్చినప్పుడు తొలకరి పడ్డాక, సాయంత్రం పూట ఈ పని పెట్టుకోవాలి. కవరు నిలువునా చీల్చి తీసేస్తే ముద్ద చుట్టూ తెల్లటి, గోధుమరంగు వేర్లు వలయాలుగా కనిపిస్తాయి. అడుగున చాప అల్లినట్టు దట్టంగా ఉన్న పొరను ముందు కోసేసి, తర్వాత పక్కలు చెక్కాలి. మొదలు దగ్గర కాండాన్ని చుట్టుకున్న వేరు ఉంటే దాన్ని తప్పకుండా కత్తిరించాలి, పదేళ్ల తర్వాత చెట్టు గొంతు నులిమేది అదే. కోత పడిన మొక్కకు వారం పది రోజులు నీడ కావాలి, నీరు ఎండకుండా చూడాలి. ఆకులు కొన్ని రాలితే కంగారు పడి ఎరువు వేయకూడదు. కొత్త వేర్లు పుట్టి చిగురు కనిపించాకే వర్మీకంపోస్టు అయినా, మరోటైనా.